మా ఆయన ఫట్‌ఫటి గీరలు

మొన్న ఆదివారం మా మనుమడు ఎవరి దగ్గరనో పాత మోటర్ సైకిల్ ఒకటి కొని ఇంటికి తెచ్చిండు. వాడూ, వాని దోస్తులిద్దరూ దాని చుట్టూ కూసున్నరు. చక్రాలు కంపెనీవేనా, మధ్యల ఎవరన్న వేరేవి తగిలిచ్చిన్రా అని వాళ్ల లొల్లి. ఒకడు ఫోన్‌ల బొమ్మలు చూస్తడు, ఇంకొకడు టేపు పెట్టి కొలుస్తడు. నేను కుర్చీల కూసుండి కొంచెంసేపు చూసి, "నేల మీద నీళ్లు చల్లి సక్కగ నూకి చూడున్రి, జాడ ఒకటి పడుతదో రెండు పడుతయో" అన్న. ముగ్గురూ తలకాయలెత్తి నా దిక్కు చూసిన్రు. "నీకెట్ల తెలుసు బాపమ్మా?" అని అడిగిండు మనుమడు. మోకాళ్ల నొప్పులకు మందు రాసుకునే ముసలామె మోటర్ సైకిల్ ముచ్చట చెప్తే ఎవరికైనా వింతనే గదా.

అది రెండో ప్రపంచ లడాయి ఖతమైన ఏడు. నేను జగదేవ్‌పూర్ నుంచి సిద్దిపేటకు కోడలుగ వచ్చి ఆరు నెలలైతుండె. మా ఆయనకు ఇరవై రెండేండ్లు. వ్యవసాయం మా మామ చూసేటోడు, ఈయనేమో ఫట్‌ఫటిని, అదే మోటర్ సైకిల్‌ను, చూసుకునేటోడు. దాన్ని లష్కర్‌ల పటాలంల ఉన్న ఒక తెల్లదొర వాళ్ల దేశం పోతుంటే కొన్నడట. అప్పటికే అది పాతది, నా పుట్టుక కన్న ముందుది. అయినా ఈయనకు మాత్రం అది నిన్న విలాయత్‌ల ఓడ దిగినట్టే. "దీనికి చీల గూడ మార్చలేదు, ఎట్ల తయారైందో అట్లనే ఉన్నది" అని వచ్చినోళ్లందరికీ చెప్పేటోడు. రోజూ పాత ధోతి గుడ్డతోటి తుడుస్తుండె. ఆ గుడ్డకు నూనె వాసన, పెట్రోలు వాసన, ఆయన చేతులకూ అదే వాసన. అన్నం కలుపుకుంటే పప్పుకు గూడ ఆ వాసనే అని మా అత్త సణిగేది. ఆ బండి మొదలైతే గల్లీల కోళ్లు గోడలెక్కుతుండె, బర్రెలు బెదిరి పాలిస్తలేవని పక్కింటామె రెండుసార్లు వచ్చి చెప్పిపోయింది.

పొద్దుగాల వాకిలి ఊడ్చి పేడనీళ్ల సాన్పు చల్లుడు నా పని. నేను చల్లి ముగ్గు చెంబు అందుకునేలోపల ఈయన బండిని బయటికి నూకుతుండె. సక్కగ నూకితే ముందు గీర, అంటే చక్రం, పోయిన జాడలనే వెనక గీర పోవాలె. కాని ఆ తడి నేల మీద రెండు గీతలు పడుతుండె, వెనకది చిటికెన వేలంత పక్కకు జరిగి. మా బాపు ఎడ్లబండి కొనే ముందు తడి నేల మీద గుంజిపిచ్చి జాడ చూసేటోడు. గీర ఊగుతే జాడ పాము లెక్క పోతది, ఇరుసు వంకర ఉంటే ఒక పక్కకు కోసుకపోతది. చిన్నప్పటి నుంచి పక్కన నిలబడి చూసినదాన్ని గనుక నా కండ్లు ఆటికే పోయినయి. వారం రోజులు చూసి, ఒకనాడు అన్నం పెట్టుకుంట మెల్లగ చెప్పిన. "ఆ వెనక గీర దానిది కాదనిపిస్తుంది. ఒక్కసారి మిస్త్రీకి చూపియ్యరాదున్రి."

ఆయన నవ్విండు. ఆ నవ్వు నాకు ఇంకా యాదికున్నది. ఎక్కిరించినట్టు కాదు, చిన్నపిల్ల చందమామను అడిగితే నవ్వినట్టు. "విలాయత్ ఇంజనీర్ల కన్న నీకే ఎక్కువ తెలుసా?" అన్నడు.

గంతట్లనే మా అన్న పెండ్లి వచ్చింది. ఈయన ముందే మా ఇంటికి కబురు పంపిండు, మీ చెల్లెను ఫట్‌ఫటి మీద ఎక్కిచ్చుకొని వస్తున్న అని. ఊరంత బయటికొచ్చి చూస్తదని ఆయన ఆశ. నేను ఎడ్లబండి మీదనే వస్త అన్న. "భయపడుతున్నవా?" అంటే, "మీ నడుపుడుకు కాదు, ఆ గీరకు" అన్న. గంతే, ముఖం ముడుచుకున్నడు. తొమ్మిది దినాలు నాతోటి మాట్లాడలేదు. నీళ్లు కావాలంటే గోడకు చెప్పినట్టు చెప్పేటోడు. నాకు లోపల మస్తు బాధ అయితుండె. కొత్త పెండ్లాన్ని, పుట్టింటికి ఒక్కదాన్నే బండ్ల పోయి దిగితే ఎవరేమనుకుంటరో అని ఏడుపొచ్చేది. అయినా 'సరే' అనబుద్ధి కాలేదు. ఆఖరికి మా అత్తనే, ఆమెకు ఆ బండి అంటే ఎప్పుడూ పడకపాయె, కొడుకును పట్టుకొని అడిగింది. "ఆ పిల్ల చెప్పింది ఒట్టిదే అయితే మిస్త్రీతోటే అనిపియ్యి. నీదేం పోయింది?"

ప్రయాణం ఇంక రెండు దినాలుందనంగ, నా మాట ఒట్టిదని అనిపిచ్చేటందుకే బండి తీస్కొని బస్సులు బాగుచేసే ముసలి మిస్త్రీ దగ్గరికి పోయిండు. నేను జొన్నరొట్టెలు చేస్తుంటే వచ్చి, రెండు ఇనుప ముక్కలు పొయ్యి పక్కన పెట్టిండు. వెనక గీర ఇరుసు, రెండు ముక్కలు. విరిగిన కాడ సగం దాకా తుప్పు, అంటే పగులు పాతదే.

"మిస్త్రీ సుత్తెతోటి ఒక్క దెబ్బ కొట్టిండు. రెండైంది" అన్నడు. నా పక్కన పీట మీద కూసుండి మొత్తం చెప్పిండు. మిస్త్రీ ముందుగాల గీరలకుండే ఇనుప పుల్లలు లెక్కపెట్టిండట. ముందు గీరకు నలభై, వెనకదానికి ముప్పై ఆరు. బండి మీదున్న కంపెనీ ముద్ర ఆ రెంటి మీదా లేదట. ముందుది ఒక బండిది, వెనకది ఇంకో బండిది, రెండూ దీనివి కావట. వెనకది తేలిక బండి గీర. జాగ సరిపోక ఒక పక్కకే వాచర్ బిళ్లలు కుక్కి బిగిచ్చిన్రు. "ఇద్దరెక్కితే సగం తొవ్వల ఇరుసు విరిగిపోతుండె పటేలా. గిది ఎవరు పసిగట్టిన్రు?" అని మిస్త్రీ అడిగిండట.

"మీరేమన్నరు?" అన్న.

"'మా ఇంట్ల ఉన్నది ఒకామె' అన్న."

అసలు గీరలు ఆ రోజుల్ల యాడ దొరుకుతయి? మిస్త్రీ బలమైన ఇరుసు ఏసి, ఒక పక్క పుల్లలు వదులు చేసి, ఇంకో పక్క బిగిచ్చి, గీరను నడిమికి జరిపిండు. తెల్లారి నేను సాన్పు చల్లేదాక ఈయన ఇంటి కడప కాడ ఆగి, బండిని సక్కగ నూకి, నన్ను పిలిచి చూపిచ్చిండు. ఒక్కటే జాడ. అప్పుడు సరే అన్న.

జగదేవ్‌పూర్ దాక ఒక పక్కకు కూసుండి పోయిన, ఒళ్లె చీరెల పెట్టె, నోట్లె దుమ్ము. ఊరు నిజంగనే బయటికొచ్చింది. మా అన్నదమ్ములు బండి చుట్టూ మూగి, మొత్తం విలాయత్‌దేనా బావా అని అడిగిన్రు. నేను తలుపు ఎనక నిలబడి, ఇగ గొప్పలు మొదలుపెడతడు అనుకున్న. ఆయన మీసం దువ్వుకొని, "ఇంజనే విలాయత్‌ది. గీరలు వేరే బండ్లయి, నేను గుర్తుపట్టలే. మీ చెల్లె పట్టింది. లేకుంటే మేం వచ్చేటోళ్లం కాదు" అన్నడు. గంతమంది మొగోళ్ల నడుమ. మా బాపు ఆ రోజంతా నా దిక్కు చూసి చూసి నవ్వుకున్నడు.

ఆయన డెబ్బై దాటినంక చనిపోయిండు. కండ్లు కనపడకపోవుడు, చెయ్యి వణుకుడు, పేర్లు మరుసుడు అన్నీ నా ముందటనే జరిగినయి. అయినా యాదికొస్తే ఆ ముసలాయన రాడు, పీట మీద నా పక్కన కూసున్న ఇరవై రెండేండ్లాయననే వస్తడు. కాలం మా ఇద్దర్నీ ముసలోళ్లను చేసింది, నా యాదిల మాత్రం ఆయన్ను ముట్టలేదు.