దేవుని గది పైన

త్రీడీ బొమ్మలంటే నాకు అసహ్యం. ఇల్లు కట్టుకునేవాళ్ళకు ఇంజనీర్లు ముందుగా చూపించి మురిపించే రంగుల బొమ్మల సంగతి చెబుతున్నాను. పాలిటెక్నిక్‌లో డ్రాయింగు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి ఇది కడుపుమంట అంటారు కొందరు. అననీండి. కడుపుమంట కూడా ఉంది.

మా తమ్ముడు అలిపిరికి పోయే దారిలో ఒక సందులో స్థలం కొని ఇల్లు మొదలుపెట్టినప్పుడు అలాంటి బొమ్మే మా బంధువులందరి ఫోన్లలోకి వచ్చిపడింది. సాయంకాలపు ఆకాశం. పోర్టికోలో ఒక కారు, ఆ సందులో మలుపు తిరగడానికి కూడా పట్టనంత పెద్దది. కరెంటు ట్రాన్స్‌ఫార్మరు ఉన్నచోట ఏవో విదేశీ చెట్లు. బాల్కనీలో కాఫీ కప్పులు పట్టుకుని ఒక తెల్లజంట; వాళ్ళకు మా ఇంట్లో ఏం పనో నాకిప్పటికీ అర్థం కాదు. అన్నిటికన్నా ఘోరం, తిరుమల కొండ కనబడాల్సిన చోట మంచుకొండలు. మా వాళ్ళలో ఒక్కరికీ అది కంటబడలేదు. "ఇల్లంటే ఇట్లుండాల" అని తలకాయలు ఊపారు. తమ్ముడు దాన్ని పెద్దదిగా ప్రింటు వేయించి, గోడలు లేవకముందే ఫ్రేము కట్టించి పెట్టుకున్నాడు.

ఆ ఇంట్లో మా నాయన అడిగింది ఒక్కటే. ఇన్నేళ్ళూ అద్దె ఇళ్ళలో వంటింటి అలమరలో, పప్పుల డబ్బాల పక్కన స్వామి పటం పెట్టుకుని పూజ చేశాడు. "చిన్నదైనా పర్వాలేదురా, దేవునికి ఒక గది కట్టు. దాని నెత్తిన మాత్రం బాత్రూము రాకూడదు" అన్నాడు తమ్ముడితో. మా వైపు అలాంటి గదిలో దీపం వెలిగించరు. తమ్ముడు సరేనన్నాడు.

వాస్తు చూసే పెద్దాయన వచ్చాడు. ఈశాన్యం మూల ఖాళీగా ఉండాలని, దేవుని గదిని ఉత్తరం గోడ మధ్యకు జరిపించాడు. మేడ ప్లాను షీటు తీసి, బాత్రూము వాయవ్యంలో ఉందని మెచ్చుకున్నాడు. ఏ షీటుకా షీటు చూస్తే తప్పేమీ లేదు. కానీ మేడ లేచేది ఇంటి తూర్పు సగం మీదే. పడమటి సగమంతా హాలు, దాని మీద గదుల్లేని ఉత్త మిద్దె, డాబా. తూర్పు సగానికి వాయవ్యం మూల అంటే కింది ఇంటికి ఉత్తరం గోడ మధ్యన పడుతుంది. ఇంజనీరు రెండు ప్లాన్లనూ కాగితం నిండా వచ్చేటట్టు ప్రింటు తీయించాడు కాబట్టి, సగం ఉన్న మేడ కూడా ఇల్లంత కనిపించింది. ఒకదాని మీద ఒకటి పెట్టి చూద్దామన్న బుద్ధి ఆ మహానుభావులెవరికీ పుట్టలేదు.

నాకు అనుమానం వచ్చి యాక్సనోమెట్రిక్ అనే తీరు బొమ్మ గీశాను. మామూలు త్రీడీ బొమ్మలో చూసేవాడు ఒక చోట నిలబడి ఉంటాడు. వాడికి దగ్గరున్నవి పెద్దవి, దూరమున్నవి చిన్నవి. అంటే పోర్టికో కొండంత, దేవుని గది పెసరగింజంత. యాక్సనోమెట్రిక్‌లో అలా ఎవడూ నిలబడడు. నేల ప్లాను ఉన్నదున్నట్టు కాస్త తిప్పిపెట్టి, గోడల్ని అదే కొలతలో నిలువుగా లేపుతాం. ముందు గదికి ఏ కొలతో వెనక గదికీ అదే కొలత. లోతు ఉన్నట్టు నటించదు, కాగితంలాగే చదునుగా ఉంటుంది, చూడ్డానికి ముచ్చటగా ఉండదు. స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు. నేను మేడను ఇంటిమీద నుంచి కాస్త పైకెత్తి గీసి, అందులోని గదుల మూలల నుంచి కిందికి చుక్కల గీతలు దించాను. బాత్రూము నుంచి దిగిన గీతలు తిన్నగా దేవుని గదిలో దిగాయి.

ఆ కాగితం పట్టుకుని పని జరిగే చోటికి పోయాను. నాయన, తమ్ముడు, ఇంజనీరు, వాస్తు పెద్దాయన అక్కడే ఉన్నారు.

"ఇదేంది మేడమ్, ఇల్లు ఒరిగిపోయినట్టుండాది" అని నవ్వాడు ఇంజనీరు.

"ఒరగలేదప్పా. మేడను పైకెత్తి చూపిచ్చినాను. ఈ గీత యాడ దిగిందో సూడు."

"మీరు వాలుగా గీసినారు కాబట్టి ఆడ దిగినట్టు కనపడతాండాది. నిజంలో అట్లుండదు" అన్నాడు. పైగా ఫోను తీసి ఆ మంచుకొండల బొమ్మ చూపించి, "దీంట్లో యాడుండాది బాత్రూము?" అని నన్నే అడిగాడు. వీధిలో నిలబడి చూసిన బొమ్మలో లోపలి గదులు ఎందుకు కనపడతాయి? నా దగ్గర చదువుకుని ఉంటే ఈ ఒక్క మాటకే వాణ్ణి ఫెయిల్ చేసి ఉండేదాన్ని. వాస్తు పెద్దాయన కాగితం వైపు కూడా చూడకుండా, "రెండు షీట్లూ నేను సూసినాను గదమ్మా" అన్నాడు.

అప్పుడు నాయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఊరకుండు పాపా. తెలిసినోళ్ళు ఇంతమంది సూసినారు గదా" అన్నాడు. ఆ మాట బాధపెట్టినంతగా ఇంజనీరు నవ్వు కూడా నన్ను బాధపెట్టలేదు. కాగితం సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

గృహప్రవేశానికి ఆ కాగితం కావాలనే తీసుకెళ్ళాను. నీచబుద్ధే, కాదనను. పాలు పొంగాయి. అందరూ హాల్లో నిలబడి గోడకు తగిలించిన ఫ్రేమును చూసి మళ్ళీ ముచ్చటపడ్డారు. నాయన తన గదిలో హారతి వెలిగించాడు. అదే సమయంలో పైన ఎవరో చుట్టం ఫ్లష్ నొక్కాడు. దేవుని గది కప్పు మీది గొట్టంలో నీళ్ళు గడగడా పారిన చప్పుడైంది. నాయన చెయ్యి గాల్లో ఆగిపోయింది.

ఇంజనీరు తన చేతిలో లడ్డు వైపు చూసుకున్నాడు. వాస్తు పెద్దాయన యంత్రం ఒకటి పెడితే దోషం పోతుందన్నాడు. "ఆ బాత్రూముకు తాళం ఏసేస్తా నాయనా" అన్నాడు తమ్ముడు. నాయన స్వామి పటం తీసి గుండెకు ఆనించుకుని బయటికి వచ్చి, కొత్త ఇంట్లో ఎక్కడికి పోవాలో తెలియక, వంటింటి అలమర వైపు చూశాడు. ఎగతాళి చేయాలని వచ్చినదాన్ని, కాగితం ఉన్న సంచిని వీపు వెనక్కి జరుపుకున్నాను.

"పాపా, ఆ కాగితం ఉండాదా?"

నేల మీద పరిచాను. పటం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ముందు ఏమీ అర్థం కానట్టు చూశాడు. తర్వాత చుక్కల గీత మీద వేలు పెట్టి, మెల్లగా మేడ నుంచి కిందికి దించాడు.

"వంటింటి పైన?"

"పడగ్గది."

"ఈ హాలు పైన ఏముండాది?"

"ఏమీ లేదు నాయనా. మిద్దె, దాని మీద ఆకాశం."

లేచాడు. గోడ మీది ఫ్రేమును దించి, మంచుకొండలు గోడ వైపు తిరిగేటట్టు కింద ఆనించాడు. ఆ మేకుకే స్వామి పటం తగిలించాడు. కర్పూరం తెమ్మన్నాడు. తమ్ముడే పోయి తెచ్చాడు.