అచ్చమ్మగారి పావురమంత పెట్ట

రాక్షస నామ సంవత్సరం. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట అప్పటికే లేచింది. మా కోనసీమలో ఎటు చూసినా కాలువగట్ల కొత్తమట్టే. నేను పడుచువాణ్ణి. భుజాన సంచీ, అందులో పసుపు, ఆముదం, వేపాకు పొడి పెట్టుకుని మామిడికుదురు చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతూ కోళ్లకు వైద్యం చేసేవాణ్ణి. నవ్వకండి. ఎడ్ల వైద్యుడొస్తే అరుగు మీద చాప వేసేవారు. కోళ్ల వైద్యుడికి దొడ్డిదారి చూపించేవారు. గుడ్డు మాత్రం అందరికీ కావాలి. బడి మొహం చూడకుండా ఇసుకలో వేలితో దిద్దుకున్న అక్షరాలు నావి. ఇన్నేళ్లకు వాటిని ఈ సంగతి కోసం బయటకు తీశాను. మొన్న ఒకాయన వచ్చి, తన పెరట్లో ఎదగని పెట్ట ఒకటుందని, తక్కినవి దాన్ని బతకనివ్వడం లేదని చెప్పి, నేను నోరు తెరిచేలోగా కూర వండేస్తే సరిపోతుందేమో అని తనే తేల్చేశాడు. ఒళ్లు మండిపోయింది.

అప్పుడూ ఇదే మాటతో మొదలైంది. నన్ను పిలిపించిన సుబ్బన్నగారు మంచి రైతు. వరి, కొబ్బరి ఉన్నా ఆయన ప్రాణమంతా పందెం కోళ్ల మీదే. ఆ పెరట్లో పెట్టలు కూడా పుంజుల్లా నిటారుగా, నడిస్తే అడుగుల చప్పుడు వినబడేంత బరువుగా ఉండేవి. వాటి మధ్య పావురమంత పెట్ట ఒకటి. చేతిలోకి తీసుకుని చూశాను. కన్ను తేటగా ఉంది, రొమ్ము నిండుగా ఉంది, నిమ్మకాయంత గుడ్డయినా మానకుండా పెడుతోందట. రోగం ఏమీ లేదు. దాని ఒంటి కట్టే అంత. మెడ వెనక మాత్రం ఈకలు పోయి, తోలు లేచి, పచ్చిపుండు.

అది సుబ్బన్నగారి తల్లి అచ్చమ్మగారి కోడి. ఆవిడకు చూపు దాదాపు పోయింది. వెలుగూ నీడా తప్ప తెలిసేది కాదు. పెద్దకోళ్లు కాళ్లకు అడ్డం పడి ఆవిడను ఒకసారి పడేశాయి కూడా. ఈ చిన్నది నులకమంచం ఎక్కి, బొంత మడతలో గుడ్డు పెట్టి, కొక్కొక్కొమని చెప్పేదట. ఆ ఇంట్లో ఆవిడ ఎవరినీ పిలవకుండా తన చేత్తో తాను తీసుకోగలిగింది ఆ గుడ్డొక్కటే.

సుబ్బన్నగారు చెడ్డవాడు కాదు. రోజూ ఆ నెత్తురు చూడలేక విసిగిపోయాడు.

"మందు రాస్తే రాయండిగానండి, అమ్మోరి సంబరానికి అది కూరైపోద్ది. పుంజు దాన్ని తొక్కితే పుట్టేవన్నీ పిచ్చికలేనండి. మా జాతి ఏం కావాలి?"

మంచం మీంచి జవాబు వచ్చింది. "నువ్వూ పుట్టినప్పుడు అరచెయ్యంతే ఉండేవోడివిరా సుబ్బన్నా. మీ నాన్నగారు నిన్ను సంబరానికి పెట్టలేదు."

నేను ఆయన భార్య మంగమ్మగారి వైపు తిరిగి, దెబ్బ తగిలినప్పుడు కోడిని ఏం చేస్తున్నారని అడిగాను.

"వంటింటి మూల గంప కింద పెట్టేస్తున్నానండి. పుండు మానేదాకా నూకలూ నీళ్లూ అక్కడే. ఎంత బాగుచేసి వదిలినా, వదిలిన పూటే చీల్చేత్తన్నాయండి."

"ప్రతిసారీ ఇంతేనా అమ్మా?"

"ఆయ్. ప్రతిసారీనండి."

నాకు కోపం ఆగలేదు. రోగం పెరట్లో లేదు, వంటింట్లో ఉందని గట్టిగానే అన్నాను. కోళ్లలో ఒక వరస ఉంటుంది. ఎవరు ముందు తినాలి, ఎవరు పక్కకు తప్పుకోవాలి అన్నది అవి అవే తేల్చుకుంటాయి. ఒకటి కొన్నాళ్లు కనబడకపోతే ఆ వరసలో దాని చోటు పోతుంది. తిరిగొస్తే అది వాటి లెక్కలో కొత్తకోడి, మళ్లీ మొదటినుంచీ తన్నులు తినాలి. పెద్దదైతే ఎదురు తిరిగి చోటు సంపాదించుకుంటుంది. ఇది ఎక్కడ ఎదురు తిరగగలదు?

అచ్చమ్మగారు అంతా విని, "అంటే పురిటికి పుట్టింటికెళ్లొచ్చిన కోడల్లాగన్నమాట. ఉప్పుకుండ ఎక్కడుందో మళ్లీ అడగాల" అన్నారు. మంగమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

పుండుకు పసుపు, కొబ్బరినూనె రాసి, పైన దీపం మసి పూశాను. ఎరుపు కనబడితే కోడి పొడవకుండా ఉండలేదు; నలుపైతే పట్టించుకోదు. గంపను వంటింట్లోంచి తెచ్చి పెరడు నడిమధ్య బోర్లించి, చిన్నదాన్ని దాని కింద ఉంచాను. సందుల్లోంచి అది వాటిని చూడాలి, అవి దీన్ని చూడాలి. పెద్దకోళ్లకు గింజలు ఆ గంప చుట్టూనే చల్లమన్నాను. గోడవార పోసిన కొబ్బరి డొక్కల గుట్టలో, అంటే కాయ ఒలిచిన పీచు తొక్కల్లో, పావురం దూరేంత సందు మాత్రం చేశాను. దాని గుడ్లు పొదగెయ్యకుండా తినెయ్యండి, మీ జాతికేమీ కాదు అని సుబ్బన్నగారికి చెప్పాను.

"సంబరం ఇంకా పది రోజులుంది, అందాకా చూత్తానండి. ఒక్క చుక్క నెత్తురు కనబడిందా, ఇంక నాకు అడ్డం రావద్దు" అన్నాడాయన.

సంబరం ముందురోజు పొద్దువాలుతుండగా వెళ్లాను. కోళ్లు గూటికి చేరే వేళ గంప ఎత్తి, చిన్నదాన్ని వాటి మధ్యలో పెట్టాను. ఆ వేళ కోడికి నిద్ర తప్ప పోట్లాట పట్టదు. పైకి ధైర్యంగానే మాట్లాడాను గాని, ఇంత చేసినా నా చేతిమీదుగా చచ్చిన కోళ్లు లేకపోలేదు. ఆ రాత్రి అక్కడే అరుగు మీద పడుకున్నాను.

తెల్లారి గూటి తలుపు తీశారు. సంబరానికి నూరిన కత్తి అరుగు మీదే ఉంది. అన్నిటికంటే పెద్దదైన పసుపుపచ్చ పెట్ట బయటికి వస్తూనే చిన్నదాన్ని చూసి మెడ చాచి ఉరికింది. చిన్నది పరుగెత్తి డొక్కల సందులో దూరింది. పచ్చది తల దూర్చింది, ఒళ్లు పట్టలేదు. కాసేపు డొక్కలు పొడిచి, విసిగి, గింజల దగ్గరకు వెళ్లిపోయింది.

"ఏవైందర్రా? ఎవరన్నా చెప్పండి" అంటున్నారు అచ్చమ్మగారు మంచం మీంచి.

నల్లటి మెడ సందులోంచి బయటికొచ్చింది. అటూ ఇటూ చూసింది. మెల్లగా నడిచి, గింజల వారన నిలబడి ఒకటి ఏరుకుంది. పచ్చది తలెత్తి చూసి, మళ్లీ తన తిండిలో పడింది. ఇన్నాళ్లూ గంప పక్కన తిన్న మొహమే కదా.

తల్లికి జవాబు సుబ్బన్నగారే చెప్పాడు. "తింటోందమ్మా. పచ్చదాని పక్కనే తింటోంది."

ఆవిడ బొంత మడత సర్దుకున్నారు. ఆయన కత్తి తీసుకెళ్లి చూరులో దోపాడు. నాకు అప్పటికి గాని ఆకలి తెలియలేదు. మంగమ్మగారు చల్దన్నం పెడితే రెండుసార్లు పెట్టించుకున్నాను.

తరువాతి ఎండాకాలం మళ్లీ ఆ ఊరు వెళ్లాను. బరువు పెట్టలు పొదగడానికి కూర్చుని తమ గుడ్లు తామే చిదిపేసుకుంటున్నాయని, సుబ్బన్నగారు తన మేలుజాతి గుడ్లు కొన్ని తీసి, ఎవరికీ చెప్పకుండా ఈ చిన్నదాని కింద పెట్టాడట. నేను చూసేసరికి తల్లికంటే ఎత్తయిన పిల్లలు దాని వెనక నడుస్తున్నాయి. పచ్చ పెట్టే దారి ఇస్తోంది. నేను నవ్వితే ఆయన ఆకాశంలో మబ్బు పట్టిందేమో చూశాడు.

చిన్నగా ఉండడం రోగం కాదు. జాలిపడి కళ్లెదుట లేకుండా దాచడమే దాన్ని సొంత పెరట్లో పరాయిదాన్ని చేస్తుంది. ఈ వృత్తిలో నేను నేర్చుకున్న వాటిలో నాకు ఎక్కువసార్లు పనికొచ్చింది ఇదే. మొన్న వచ్చిన పెద్దమనిషితో కూడా కోపం దిగమింగి ఒక్క మాటే అన్నాను: ముందు ఆ గంపను వంటింట్లోంచి బయటకు తెండి.

వంటింట్లో ఉందని మీకెలా తెలుసని తెల్లబోయాడు.