మూగ కంప్యూటర్‌కు నోరు పెట్టిన సారు

పటాన్‌చెరు ఫ్యాక్టరీలో నేను చాయ్ పోసే రోజుల్లో చూపులేని సారొకాయన ఉండేవారు. తన కంప్యూటర్ లోపలే, సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ నడిపేవారు. బయటిది తెరమీది రాతలు ఆయన చెవిలో చదివేది, లోపలిది మూగది. "జెర ఆగు భాయ్, దీనికి నోరు పెడుత" అంటూ అందులోనూ చదివే గొంతు ఎక్కించేవారు.

సారుకు పర్మినెంట్ ఉద్యోగానికి పరీక్ష పెట్టిననాడు మేనేజర్ ఆ గొంతు తీసేయించాడు. "చెవుల జవాబులు చెప్తున్నది, గిది కాపీ" అన్నాడు.

"గట్లయితే మీ కండ్లద్దాలు గూడ తియ్యుండ్రి సార్, అవి సుత కాపీనే" అన్నాను. నన్ను బయటికి గెంటారు.

సాయంత్రం సారు, మేనేజర్ ఇచ్చిన ఫలితం కాగితం నా చేతికిచ్చి, "ఏం రాసిండు?" అని అడిగారు.

"కంప్యూటర్ రాదు" అని చదివాను.

బడి మధ్యలో మానినందుకు నేనెప్పుడూ ఏడవలేదు. ఆ ముక్క చదవడం వచ్చినందుకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.