ఆ చెయ్యి నూనెకు కాలలేదు

పద్నాలుగేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మింగలేదు, కక్కలేదు. ఎవరికీ చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నన్ను చూడలేదు, రేపు వార్డులో ఎదురుపడరు. ఇంకో కారణం కూడా ఉంది. ఇన్నాళ్ళూ చెప్పాలన్నా ఎవరి చేతనో రాయించాల్సిందే. ఇప్పుడు నా చేత్తో నేనే రాయగలను. ఇక సాకు లేదు.

సౌదీలో, అభా కొండల మీద, ఒక ధర్మాసుపత్రిలో పని చేస్తున్నాను. త్వరలో దాని వార్షికోత్సవం. పుస్తకం వేస్తున్నారు. మొన్న ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, "ఖాలా, మొదటి రోజు నుంచి ఉన్నది నువ్వొక్కదానివే. ఆసుపత్రి ఎలా పెరిగిందో చెప్పు, మేము రాసుకుంటాం" అన్నాడు. ఖాలా అంటే పిన్ని. ఇక్కడ అందరికీ నేను పిన్నినే. నా ఫొటో కింద వేయబోయే మాట కూడా చదివి వినిపించాడు: నోరు లేని ఆడవాళ్ళకు నోరైన మనిషి.

ఒళ్ళు మండింది. వాళ్ళ మీదా? నా మీదా? విడదీసి చెప్పలేను.

సరే, ఎలా పెరిగిందో చెబుతాను.

మొదట అది ఆసుపత్రే కాదు. అద్దె ఇల్లు. కింద రెండు గదులు. బీదవాళ్ళకు, పనివాళ్ళకు ఉచితంగా వైద్యం చేయాలని ఆ వీధివాళ్ళు పూనుకున్నారు. ఒకరు మంచం ఇచ్చారు, ఒకరు ఫ్రిజ్ ఇచ్చారు, ఒకరు తివాచీలు. నేను పని చేసే ఇంటివాళ్ళు నన్ను ఇచ్చారు. అవును, చందా కింద. పొద్దున ఆసుపత్రి పని, మధ్యాహ్నం నుంచి ఇంటి పని. వెళతావా అని నన్నెవరూ అడగలేదు. ఫ్రిజ్‌నూ అడగలేదు కదా.

వంటిల్లు మందుల గది అయింది. కిటికీ తెరిచి పెడితే కొండకోతులు చెయ్యి పెట్టి మా రొట్టెలు ఎత్తుకుపోయేవి. ఎక్స్‌రే మిషన్ కారు షెడ్డులో ఉండేది. పొగమంచు దిగిన రోజుల్లో దుప్పట్లు ఆరక హీటరు ముందు పట్టుకుని నిలబడేదాన్ని. ఇప్పుడు నాలుగంతస్తులు, లిఫ్టు, కిడ్నీ జబ్బువాళ్ళకు రక్తం శుభ్రం చేసే మిషన్లు. మంచి జరగలేదని అనను. ఎంతోమంది ఇక్కడ బతికి బయటపడ్డారు, కళ్ళారా చూశాను. కానీ ఇన్ని తెచ్చినవాళ్ళు మా మాట అటూ ఇటూ చెప్పడానికని ఒక్క మనిషిని ఉద్యోగంలో పెట్టలేదు. తెలుగు ఆడవాళ్ళు వచ్చినా, హిందీ ఆడవాళ్ళు వచ్చినా, "ఖాలాను పిలవండి." తుడిచే కర్ర గోడకు ఆనించి, చేతులు కడుక్కుని వెళ్ళేదాన్ని.

ఇంకో పద్ధతి ఉండేది. దెబ్బ తగిలో, ఒళ్ళు కాలో వచ్చినవాళ్ళ దగ్గర, ఎలా జరిగిందో కాగితం మీద రాసుకునేవారు. చదువు రాని మనిషైతే ఆమె వేలిముద్ర వేయించి, రాసింది చదివి వినిపించామనడానికి కింద ఒక సాక్షి వేలిముద్ర తీసుకునేవారు. ఆ సాక్షిని నేను. అప్పటికి నా పేరు కూడా చదవలేను. చదువు రానిదానికి చదివి వినిపించారని చదువు రానిది సాక్షి! ఇది ఎవరికీ వింతగా తోచలేదు. నాకూ తోచలేదు. పైగా గొప్పగా ఉండేది. బొటనవేలికి నీలం సిరా అంటితే సాయంత్రం దాకా కడిగేదాన్ని కాదు.

ఇక్కడిదాకా రాసి లేచిపోయాను. టీ పెట్టుకున్నాను. గిన్నె తోమాను. మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

ఒక పొద్దున సత్యవతి వచ్చింది. అది ఆమె అసలు పేరు కాదు. అసలు పేరు రాసే హక్కు నాకు లేదు. కోనసీమ పిల్ల. పాతికేళ్ళు ఉంటాయేమో. ఇక్కడి ఇంట్లో పనికి వచ్చింది. ఆమెను ఆసుపత్రికి తీసుకొచ్చిన ఆ ఇంటి మేడమ్‌ను నేనెరుగుదును. మా ఆసుపత్రి ఆడవాళ్ళ కమిటీలో ఉండేది. ఆమె కుటుంబం ఇచ్చిన సాయంతోనే ఆడవాళ్ళ వార్డు కట్టారు. పన్నెండు మంచాలు. ఇంకో వారంలో తెరవాలి.

డాక్టరమ్మది ఈజిప్టు. మేడమ్‌ను బయట కూర్చోమని తలుపు వేసింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. తలుపు వేసే ఉంది.

నేను చేతికి చుట్టిన గుడ్డ విప్పుతూ పలకరించాను. "యా ఊరు మ్మే నీది?"

ఆ పిల్ల అంత నొప్పిలోనూ నవ్వింది. "అమ్మయ్య, తెలుగే! ఏడు నెలలైందండి తెలుగు ముక్క విని. మీరు తిట్టినా బాగానే ఉంటుంది."

"తిట్టేది తర్వాత. ముందు చెయ్యి సూపీ."

చూపింది. ముంజేతి మీద, ఒక పక్క వెడల్పు, ఒక పక్క మొన. ఇస్త్రీ పెట్టె అడుగు అచ్చు వేసినట్టు ఉంది.

"ఎలా కాలింది?" డాక్టరమ్మ అరబ్బీలో అడిగింది. నేను తెలుగులో అడిగాను.

"ఆవిడే పెట్టిందండి. చొక్కా మీద ముడత ఉండిపోయిందని, చెయ్యి బల్ల మీద అదిమి పట్టి పెట్టింది. ఇదివరకు కర్రతో కొట్టేది, ఓర్చుకున్నాను. ఇక నా వల్ల కాదక్కా. నన్ను మళ్ళీ ఆ ఇంటికి పంపొద్దని చెప్పండి. మీకు దణ్ణం పెడతాను."

నేను డాక్టరమ్మ వైపు తిరిగాను. "వేయిస్తుంటే నూనె పడిందట" అన్నాను.

డాక్టరమ్మ ఆ చెయ్యి చూసింది. నన్ను చూసింది. "నూనె ఇలా కాలుస్తుందా? మళ్ళీ అడుగు, ఖాలా."

తప్పు దిద్దుకోవడానికి అప్పటికప్పుడే రెండోసారి అవకాశం ఎంతమందికి వస్తుంది? నాకు వచ్చింది. నేను సత్యవతి వైపు తిరిగి, "శానా నొప్పిగా ఉండాదా?" అని అడిగాను. ఆ పిల్ల ఉందని తల ఊపింది. ఆ తల ఊపడాన్ని డాక్టరమ్మకు చూపించి, "నూనేనట" అన్నాను.

డాక్టరమ్మ రాసుకుంది. సత్యవతి వేలిముద్ర వేసింది. దాని కింద నేను వేశాను.

"చెప్పారా అక్కా?"

"చెప్పినా. డాక్టరమ్మ సూసుకుంటాదిలే. బయపడాకు."

బాగున్న చేత్తో నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. నా బొటనవేలి సిరా ఆమె కనురెప్పకు అంటింది.

తర్వాత డాక్టరమ్మ తలుపు తీసింది. బయట మేడమ్ లేచి నిలబడింది. సత్యవతి కదల్లేదు. నా వైపు చూసింది. నేను తుడిచే కర్ర అందుకున్నాను.

ఎందుకు చేశాను?

చాలా ఏళ్ళు నాకు నేను ఒక జవాబు చెప్పుకున్నాను. నిజం చెబితే వార్డు ఆగిపోయేది, పన్నెండు మంచాలు పోయేవి, ఒక్క చెయ్యి కోసం ఎంతమంది ఆడవాళ్ళు నష్టపోవాలి అని. వినడానికి బాగుంటుంది. అబద్ధం. ఆ క్షణాన నాకు మంచాలు గుర్తు రాలేదు. నా కాగితం గుర్తొచ్చింది. నా ఇఖామాను, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితాన్ని, నన్ను పనికి తెచ్చుకున్న ఆ పాత ఇంటి కఫీలు పేరు నుంచి ఆసుపత్రి పేరుకు మార్చాలని అర్జీ పెట్టి ఉన్నాను. దాని మీద కమిటీ సంతకం కావాలి. అది అయితే ఆ ఇంటి చాకిరీ తప్పుతుంది, నాకంటూ ఒక గది ఉంటుంది. అంతే. మంచాల కథ తర్వాత తీరిగ్గా అల్లుకున్నాను.

భయపడ్డానని కూడా చెప్పుకోలేను. తలుపు వేసే ఉంది.

కాగితం అయింది. వార్డు తెరిచారు. ఖర్జూరాలు పంచారు. మేడమ్ నా భుజం తట్టింది. ఆమెకు ఏం తెలుసు? ఏమీ తెలియదు. తన దారిలో అడ్డు లేకపోవడం ఆమెకు అలవాటు. ఆ అడ్డు తొలగించిన చెయ్యి నాది. కొన్ని నెలల తర్వాత ఆమె వెంట వేరే దేశపు పిల్ల వచ్చింది. సత్యవతి ఏమైందని అడగడానికి ఒక్క మాట చాలు. అరబ్బీలో ఆ మాట నాకు వచ్చు. అడగలేదు. ఇంటికి పంపేశారో, ఇంకో ఇంటికి ఇచ్చేశారో, మరేం జరిగిందో నాకు తెలియదు. తెలియదు అని రాస్తున్నాను గానీ, తెలుసుకోలేదు అని రాయాలి.

డాక్టరమ్మ మీద కూడా కోపం ఉంది. ఆ అచ్చు నాకు కనబడింది, ఆమెకు కనబడలేదా? ఇద్దరం చూశాం. నేను చెప్పింది రాస్తే ఆమె పని అయిపోయింది, ఆమె రాసిందాని కింద ముద్ర వేస్తే నా పని అయిపోయింది. ఒకరి వెనుక ఒకరం దాక్కున్నాం. కానీ ఆమె రెండుసార్లు అడిగింది. ఆ మాట చెప్పాలి. రెండుసార్లూ అబద్ధం చెప్పింది నేను.

ఈమధ్యే వచ్చిన నెల్లూరు నర్సమ్మ ఒకామె భోజనం వేళల్లో నాకు అక్షరాలు నేర్పింది. మందుల డబ్బాల వెనుక రాయించేది. యాభై ఆరేళ్ళు దాటాక 'అ' దిద్దాను. కూడబలుక్కుని ముందు నా పేరు రాశాను. ఆమె చప్పట్లు కొట్టింది. రెండో పేరు ఏం రాస్తావు పెద్దమ్మా అంది. నాకు వెంటనే గుర్తొచ్చిన పేరు రాయలేదు. మా ఊరి పేరు రాసి తప్పించుకున్నాను.

ఆఫీసాయనతో నా ఫొటో తీసేయమన్నాను. సిగ్గనుకుని నవ్వాడు. ఫొటో పడుతుంది. కింద ఆ మాటా పడుతుంది. ఇది మాత్రం వాళ్ళ పుస్తకంలో పడదు. ఇక్కడ నా పేరూ ఉండదు. ఇఖామా ఇంకా వాళ్ళ పేరు మీదే ఉంది. చూశారా? పద్నాలుగేళ్ళయినా అదే కాగితం.

ఇది రాస్తే పాపం పోదు. పోవాలని మిమ్మల్ని అడగడమూ లేదు. అడగాల్సిన మనిషి మీరు కాదు. కాకపోతే నా నోట్లో ఇన్నేళ్ళు ఆగిపోయిన మాటలు కొన్ని ఉన్నాయి, అవి నావి కావు. ఈరోజు వాటిని చేర్చేస్తాను.

డాక్టరమ్మా, మీరు అడిగారు కదా, ఎలా కాలిందని. ఇస్త్రీ పెట్టెతో కాలింది. మేడమే బల్ల మీద చెయ్యి అదిమి పట్టి పెట్టింది. ఇదివరకు కర్రతో కొట్టేదట. ఓర్చుకుందట. ఇక తన వల్ల కాదంటోంది. మళ్ళీ ఆ ఇంటికి పంపొద్దంటోంది.