నూజివీడు తోటల్లో నాటువైద్యం చూడబోయి

ఈ ఏడాది కాలేజీలో నేను తీసుకున్న పేపరు రకరకాల సంస్కృతుల్లోని వైద్య పద్ధతుల గురించి. చైనా సూదుల వైద్యం, ఆఫ్రికా పల్లెల్లో వేర్ల మందులు అన్నీ చదివాక మా మేడమ్ ఒక మాటన్నారు: "ఇప్పుడు మన దగ్గరున్న వైద్యుణ్ణి ఒకర్ని కలిసి, చూసింది రాసుకు రండి. మధ్యలో కలగజేసుకోవద్దు." విజయవాడ నుంచి పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చని, నూజివీడు తోటల్లో పసరు మందు ఇచ్చే వెంకటరత్నం గారిని ఎంచుకున్నాను.

ఆగిరిపల్లి మీదుగా వెళ్ళే బస్సులో గంటన్నర ప్రయాణం. మే నెల ఎండ కాబట్టి తొలి బస్సుకే వెళ్ళడం మంచిది. బస్టాండు దగ్గర పెసరట్టు తిని, చింతలపూడి వైపు తోటల దాకా రానూపోనూ ఐదు వందలకు ఆటో మాట్లాడుకున్నాను. దారంతా మామిడికాయల ట్రాక్టర్లే. "కోతల టైమండీ, ఈ నెలంతా ఇంతే," అన్నాడు ఆటో శ్రీను.

వెంకటరత్నం గారికి డెబ్బై దాటి ఉంటాయి. తోట మధ్య రేకుల షెడ్డులో కూర్చుని కామెర్ల మందు గురించి ఓపిగ్గా చెబుతున్నారు. ఇంతలో చెట్ల వెనక కేకలు వినిపించాయి. ఒకతను భార్యను చేతుల మీద మోసుకొచ్చాడు. అతని పేరు రమణ, ఆమె లక్ష్మి. కాయలు పేర్చడానికి గడ్డి తీయబోతే రక్తపింజర చేతి మీద కాటేసింది. మణికట్టు అప్పుడే వాచిపోయింది.

"తాతా, నువ్వే కాపాడాలి!" అంటూ రమణ కూలబడ్డాడు. ముసలాయన ఆకు తీసి నూరసాగారు. మేడమ్ మాట చెవిలో మోగుతోంది. కానీ ఆ చేయి నా కళ్ళ ముందే ఉబ్బుతోంది.

"ముందు ఆసుపత్రికి తీసుకెళ్దామండీ," అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. ఈసారి గట్టిగా అరిచాను.

రమణ నా మీదకి వచ్చాడు. "మీకేం తెలుసండీ? మా నాన్నని ఆసుపత్రికే తీసుకెళ్ళాం. శవాన్ని తెచ్చుకున్నాం!"

కొడతాడేమోనని వెనక్కి తగ్గాను. అప్పుడు చూశాను, ఆకు నూరుతున్న ముసలాయన మాటిమాటికీ ఆ వాపు వైపే చూస్తున్నారు. పక్కన కూర్చుని, "తాతగారూ, ఇది తగ్గుతుందా?" అని మెల్లగా అడిగాను.

"పింజర కాటుకి బతికినోళ్ళున్నారు, పోయినోళ్ళూ ఉన్నారమ్మా," అన్నారు తల ఎత్తకుండా. "పంపేస్తే, దారిలో ఏమన్నా అయితే నన్నే అంటారు."

"అయితే మీరూ రండి. మీరు లేస్తే వాళ్ళూ లేస్తారు."

ఆయన రోలు పక్కకి నెట్టి లేచారు. "పదరా రమణా. నేనూ వస్తన్నా. మంత్రం దారిలో వేస్తా."

ఆటోలో లక్ష్మి చేయి కదలకుండా నేను పట్టుకున్నాను. ట్రాక్టర్ల వెనక ఇరుక్కున్న ప్రతిసారీ శ్రీను హారన్ మీద నుంచి చేయి తీయలేదు. ఆమె చిగుళ్ళ దగ్గర నెత్తురు కనిపించింది. "నేను చచ్చిపోతానా అక్కా?" అంది. ముసలాయన వంగి, "నా మంత్రం అయ్యేదాకా నీకేం కాదే. వింటా ఉండు," అన్నారు. ఊరు చేరేదాకా ఆపకుండా చదువుతూనే ఉన్నారు.

నూజివీడు ఆసుపత్రిలో వెంటనే ఇంజక్షన్లు మొదలుపెట్టారు. విషం వల్ల కిడ్నీలకు ఏమవుతుందో ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టరు. నేను చివరి బస్సు ఎక్కేటప్పటికి రమణ, వెంకటరత్నం గారు ఒకే బెంచీ మీద కూర్చుని ఉన్నారు. తర్వాతి వారం శ్రీనుకు ఫోన్ చేస్తే, లక్ష్మి ఇంటికొచ్చిందని, వేళ్ళు మాత్రం ఇంకా సరిగ్గా ముడవలేకపోతోందని చెప్పాడు.

ఆమెను బతికించింది ఇంజక్షనే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ ముసలాయన లేవకపోతే ఆ ఆటో కదిలేది కాదు. ఈ రెండు మాటలూ రాసిచ్చాను. కలగజేసుకున్నానని మేడమ్ ఏమంటారో అన్న భయం ఉంది గానీ, నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే కలిగే భయం ముందు అదెంత.

కోతల కాలంలో ఈ తోటలకు వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. పాముకాటు ఇంజక్షన్ ఏ ఆసుపత్రిలో ఉంటుందో, అక్కడికి దారేదో ఊళ్ళో దిగగానే కనుక్కోండి. అప్పుడు చూసుకుందాం అనుకోవద్దు. ఆ రోజు కంగారులో ఆటో తెమ్మని పిలవబోతే నాకు శ్రీను పేరు కూడా గుర్తు రాలేదు.