తెర లోపల ఒక్కొక్కరే

ఉప్పల్ మెట్రో స్టేషన్‌లో ఆడవాళ్ళను తనిఖీ చేసే తెర వెనక నిలబడడం నా ఉద్యోగం. గొప్పగా చెప్పుకోవడానికి అందులో ఏమీ లేదు. ఒక్కొక్కరే లోపలికి వస్తారు, చేతులు చాపుతారు. నేను చేతి మిషను మెడ దగ్గర మొదలుపెట్టి కాళ్ళ దాకా పోనిస్తాను. అది కూస్తే ఏమిటని అడుగుతాను, కూయకపోతే పొమ్మంటాను. కొందరికి చక్కిలిగింతలు పుడతాయి. నాచారం ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళయితే నేను నోరు తెరవకముందే చేతులు చాపి, గిర్రున తిరిగి, వెళ్ళిపోతారు. ఇంకొందరు సీసాడు సెంటు కొట్టుకుని వచ్చి నా చెమట వాసనకు ముక్కు మూసుకుంటారు. వాళ్ళ సెంటుకు నేను ముక్కు మూసుకోవాలంటే మాత్రం నాకు రెండు చేతులూ ఖాళీ ఉండవు.

మిషను ఎక్కువగా కూసేది మెడ దగ్గరే. "పుస్తెలు" అని పైట కింద నుంచి తాడు లాగి చూపిస్తారు. నేను తలూపుతాను. మా ఆయన పోయాక మళ్ళీ డ్యూటీకి వచ్చిన మొదటిరోజు ఆ మాట ఎట్లా వినాలా అని భయపడ్డాను. ఏమీ కాలేదు. షిఫ్టు దిగేదాకా విన్నాను, తలూపాను, ఇంటికి వెళ్ళి పడుకున్నాను. పన్ను పీకే ముందు సూది వేస్తే దవడ ఎట్లా ఉంటుందో నా ఒళ్ళంతా అట్లా ఉండేది. మొద్దుబారిన చోట గిల్లినా తెలియదు, నిమిరినా తెలియదు. ఇది ఒక రకంగా సుఖమే అనుకున్నాను కూడా.

ఆయన పోయేనాటికి మా బిడ్డ కడుపుతో ఉంది. మాకు ఆమె ఒక్కతే. మొదటి కాన్పు పుట్టింట్లో చేయాలి. నాచారంలో మా ఇల్లు చిన్నదే అయినా ఒక గది ఖాళీ చేసి పెట్టాలని మేమిద్దరం ఎప్పుడో అనుకున్నాం. కానీ ఆయన పోయాక నాకు ఏటి సూతకం వచ్చింది. మొగుడు పోయిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా ఏ శుభమూ చేయరు. పురుడు అక్కడ వద్దని, ఉప్పల్‌లో తమ ఇంట్లోనే చేస్తామని మా బిడ్డ అత్తగారు చెప్పింది. ఆమె నాకు వియ్యపురాలు, మేము ఒకరినొకరం వదినా అని పిలుచుకుంటాం. మంచి మనిషే. గట్టిగా కూడా అనలేదు.

"నీకు తెల్వంది ఏముంది వదినా. ఏడాది ఎల్లేదాక నువ్వు పసిగుడ్డును ముట్టుడు మంచిది గాదు. తర్వాత నీ మనుమరాలు యాడికి పోతది?" అన్నది.

నాకు కోపం రాలేదు. రూలు అంటే రూలే అని రోజంతా జనానికి చెప్పేదాన్ని నేనే. పాప పుట్టిన రోజు దవాఖానా వరండాలో నిలబడ్డాను. లోపలి నుంచి ఎవరో ఫోన్‌లో ఫొటో తెచ్చి చూపించారు. ఆ తర్వాత కూడా ఫొటోలే. ఉప్పల్ స్టేషన్ నుంచి వాళ్ళ ఇంటికి నడిచిపోవచ్చు. నేను ఒక్కసారీ నడవలేదు. తొట్టెల ఫంక్షన్‌కు కూడా నన్ను పిలవరని తెలుసు, అందుకని ఆ రోజుకు ముందే డ్యూటీ వేయించుకున్నాను.

పాపకు కామెర్లు దిగడం లేదని, కొన్నాళ్ళు రోజూ తీసుకొచ్చి రక్తపరీక్ష చేయించాలని డాక్టరు చెప్పాడట. ఆ పిల్లల దవాఖానా సికింద్రాబాద్ అవతల ఉంది. ఉప్పల్ రోడ్డు సంగతి తెలిసిందే, పచ్చి బాలింతను ఆటోలో ఆ గుంతల మీద తీసుకుపోతే కుట్లు ఆగవు. అందుకని మెట్రోలో వచ్చారు. అల్లుడు మెట్ల దగ్గర బండి మీద ఒక్కొక్కరినీ దింపి కిందనే ఉన్నాడు. వాళ్ళు వస్తారని నాకు ఎవరూ చెప్పలేదు. తెర సందులోంచి చూస్తే క్యూలో వదిన, వెనక తలకు గుడ్డ కట్టుకుని మా బిడ్డ, ఆమె చేతుల్లో తెల్లటి మూట.

"నువ్వు ముందు పో అత్తమ్మా," అని బిడ్డ అనడం వినిపించింది.

వదిన లోపలికి వచ్చింది. నన్ను చూసి కొంచెం ఇబ్బంది పడి, "మంచిగున్నవా వదినా," అన్నది. ఉన్నానన్నాను. చేతులు చాపింది. మిషను మెడ దగ్గర కూసింది. తలూపి పంపించేశాను. ఆమె తెర దాటి లోపలి వైపు నిలబడింది.

తర్వాత బిడ్డ వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. చంటిపిల్లతో వచ్చిన తల్లిని తనిఖీ చేయాలంటే పిల్లను తోడు వచ్చినవాళ్ళు పట్టుకోవాలి. తోడు వచ్చినామె అప్పటికే అవతలికి దాటేసింది. దాటినవాళ్ళను మళ్ళీ వెనక్కి పిలవడానికి లేదు.

"పట్టుకో అమ్మా," అని మూటను నా వైపు చాపింది.

"మీ అత్తమ్మను..." అన్నాను.

"ఆమెను చెక్ జేసినవ్ గదా. ఎనకకు రావొద్దు గదా. రూల్ లేదా?"

నా ఉద్యోగం నాకే నేర్పుతున్నది. ఈమె నిన్నంతా దీనికోసమే ఆలోచించి ఉంటుందని అప్పుడు అర్థమైంది. పైన కెమెరా ఉంది, బయట క్యూ ఉంది, తెర అవతల వదిన కాళ్ళు కనిపిస్తున్నాయి. ఏడాది ఇంకా తిరగలేదు. పిల్లకు ఏమన్నా అయితే అందరూ నా చేతినే అంటారు, నేనూ అనుకుంటాను. ఆ భయం ఒక్కటి మాత్రం నాకు స్పష్టంగా తెలిసింది. అయినా చేతులు చాపాను, ఎందుకంటే బిడ్డ మూటను వెనక్కి తీసుకోలేదు.

పాప నా ఎడమ చేతి మీదికి వచ్చింది. ఏదో అవుతుందనుకున్నాను, ఏమీ కాలేదు. బరువు కూడా పెద్దగా లేదు. ముఖం పసుపు పూసినట్టు ఉంది, నిద్రపోతున్నది. బిడ్డకు మిషను తిప్పాను. తర్వాత అలవాటు కొద్దీ మూట మీద కూడా తిప్పితే కుయ్యిమన్నది. గుడ్డ మడతలోకి చెయ్యి పెట్టాను. వేపాకు తగిలింది, దాని కింద పాత చీర పీలికలో చుట్టిన కూర కత్తి.

బాలింత, పసిపిల్ల గడప దాటితే పక్కన ఇనుము ఉండాలి. మా వైపు ఎవరినడిగినా చెబుతారు. మా బిడ్డ పుట్టినప్పుడు నా మంచం కింద కొడవలి పెట్టారు. ఇక్కడ మాత్రం కత్తి పోనివ్వరు. పెట్టినామెకు అది కత్తి అనే తోచి ఉండదు, నాకేమో అది కత్తి తప్ప ఇంకొకటి కాదు.

ఒక చేతిలో పాప, ఒక చేతిలో కత్తి. తెర పక్కకు జరిపి వదినకు చూపించాను. ఆమె కళ్ళు ముందు పాప మీద పడ్డాయి, తర్వాత నా చేతి మీద, చివరికి కత్తి మీద.

"అది ఆడనే ఉండనియ్యి వదినా. ఇనుము లేకుండ ఎట్ల తీస్కపోతం?" అన్నది.

"కత్తి లోపలికి పోదు వదినా."

"నీ మనుమరాలే గదా. ఇంత కూర కత్తికి ఏమైతది, ఇడిసిపెట్టు."

"మనుమరాలైనా అంతే."

ఈ మాట నా నోట్లోంచి ఎంత చల్లగా వచ్చిందో నాకే వింతగా తోచింది. బ్యాగుల బెల్టు దగ్గర కూర్చునే అన్న మెడ సాచి చూసి, "ఆ డబ్బాల పడెయ్యి చెల్లె, గట్లనే జేస్తరు గదా అందరు," అన్నాడు. వదిన ఆయనను కాల్చేసేలా చూసింది. పిల్ల పక్కన పెట్టిన ఇనుమును చెత్తడబ్బాలో వేసే మనిషి ఆమె కాదు. కత్తి తీసుకుని కింద కొడుక్కి ఇచ్చి వస్తానన్నది. పాపను ఇవ్వమని చేతులు కూడా చాపింది.

"కిందికి పోయొస్తె మళ్ళ మొత్తం చెకింగ్ జెయ్యాలె. గీ ఎండల పిల్లను దించుడు ఎందుకు?" అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు.

బిడ్డ అప్పటికే నా స్టూలు మీద కూలబడి గోడకు తల ఆనించింది. వదిన ఆమెను చూసింది, నన్ను చూసింది. పీలికతో సహా కత్తి తీసుకుని, "ఇనుము లేదు, పిల్లను ఎక్కడ్నన్న పండవెట్టేరు. నేనొచ్చేదాక దించకున్రి," అని మెట్ల వైపు వెళ్ళింది.

దించలేదు. క్యూ ఆగదు కాబట్టి పాపను ఎడమ చేతి మీద వేసుకుని కుడిచేత్తో మిషను తిప్పాను. ఆడవాళ్ళు వచ్చారు, చేతులు చాపారు, పుస్తెలన్నారు, తలూపాను. ఒక కాలేజీ పిల్ల, పాప ముద్దుగా ఉందన్నది. ఇంకొకామె ఎవరి పాప అని అడిగింది. నా మనుమరాలు అని పైకి అన్నాను. ఆ మాట అంతకుముందు ఎవరితోనూ అనలేదు. పాప ఒకసారి కళ్ళు తెరిచి, నా చొక్కా బొత్తాన్ని కాసేపు చూసి, మళ్ళీ మూసేసింది. నాకు తెలియకుండానే నేను అటూ ఇటూ ఊగుతున్నాను. మిషను కూడా నాతోపాటు ఊగుతున్నది. ఆ పూట నా తనిఖీ ఏమంత బాగా జరగలేదు.

వదిన మళ్ళీ క్యూలో నిలబడి, వంతు వచ్చాక తెర లోపలికి వచ్చింది. ఆయాసపడుతున్నది. పాపను చేతుల్లోంచి లాక్కుంటుందనుకున్నాను. నా ఎదురుగా నిలబడి చేతులు చాపింది. మిషను ఈసారి నడుము దగ్గర కూసింది.

"తాళంచెవి," అని కొంగు ముడి విప్పి చూపించింది. పెద్ద ఇనుప తాళంచెవి, కొడుకు దగ్గర తీసుకున్నదట. "ఇదన్న పోతదా?"

"పోతది."

ఆమె దాన్ని పాప గుడ్డ మడతలో, వేపాకు పక్కన పెట్టింది. పెడుతుంటే ఆమె వేళ్ళు నా మోచేతికి తగిలాయి. తీసేయలేదు. పాపను తీసుకుంటూ నా ముఖంలోకి చూడకుండా అడిగింది.

"రేపు గూడ రావాలె. పొద్దటి డ్యూటీయేనా నీది?"

"అవు వదినా."

"రేపు గూడ కత్తి పెడ్త."

నాకు అర్థం కాలేదు. "తాళంచెవి పోనిస్తరు గదా వదినా. కత్తి పెడ్తె మళ్ళ ఆపుడే," అన్నాను.

"ఆపు," అన్నది. "నేను పొయ్యి కింద ఇచ్చొస్త. మోకాళ్ళ నొప్పులు నాయి, జర ఆలస్యమైతది."

పాపను భుజాన వేసుకుని, కోడలిని రెక్క పట్టి లేపి, ఇద్దరూ ప్లాట్‌ఫారం వైపు వెళ్ళిపోయారు. ఎడమ చెయ్యి ఖాళీ అయ్యాక, ఇన్ని నెలలకు మొదటిసారి, ఆ చెయ్యి నొప్పి పుట్టింది. భుజం నుంచి వేళ్ళ దాకా పుట్టింది. ఏడుపు వచ్చేసింది. కళ్ళు తుడుచుకునేలోపే తర్వాతి ఆమె తెర జరుపుకుని లోపలికి వచ్చి చేతులు చాపింది.