నాచారం ఆటోలో కేకు

రాజమండ్రిలో ఫిజిక్స్ చెప్పే నేను, పనిమీద హైదరాబాద్ వెళ్లి ఉప్పల్‌లో నాచారం షేర్ ఆటో ఎక్కాను. ఒళ్లో పాపతో పక్కన కూర్చున్నావిడ, పాప పుట్టినరోజు కేకు డబ్బా నా చేతుల్లో పెట్టి, "జర పట్టుకో అన్నా" అంది. మా వైపు కొత్తవాళ్లతో 'అండీ' లేకుండా మాట్లాడరు. ఇక్కడ క్షణంలో అన్ననైపోయాను.

డబ్బాను గట్టిగా బిగించి పట్టుకున్నాను. డ్రైవర్ బ్రేకు వేయగానే లోపలి కేకు జారి డబ్బాకు తగిలింది.

"గట్ల బిగవట్టకు అన్నా! కేకు ముందుకు పోతుంటే డబ్బాను గూడ జర పోనియ్యి."

ఏళ్లుగా జడత్వం పాఠం చెబుతున్నా నాకది తట్టలేదు. చేతులు వదులు చేశాను. ఆ తర్వాత ఎన్ని బ్రేకులు పడ్డా కేకు కదల్లేదు.

నాచారంలో దిగి ఆవిడ మూత తీసి చూసింది. ఒక అంచు నలిగింది గానీ పాప పేరు భద్రంగా ఉంది.

"ఏం పని జేస్తవన్నా?"

"ఫిజిక్స్ టీచర్ని."

"గందుకే! చెప్పంగనే సమజైంది నీకు."